కాన్పు గదిలో ఆధారాలు: మిడ్‌వైఫ్‌లు, నర్సింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అంటే పరిశోధనలో వచ్చింది వచ్చినట్టు చేయడమేనా?

కాదు. మూడు విషయాలు కలవాలి: నమ్మదగిన పరిశోధన ఏం చెబుతోంది, కాన్పు చేస్తున్నవారి అనుభవం ఏం చెబుతోంది, ఎదురుగా ఉన్న తల్లి ఏం కోరుకుంటోంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా నిర్ణయం తప్పుదారి పడుతుంది.

ఎపిసియాటమీనే తీసుకోండి, అంటే బిడ్డ బయటికి వచ్చేటప్పుడు యోనిద్వారం దగ్గర పెట్టే కోత. తొలి కాన్పు అయితే కోత పెట్టి తీరాలన్నది మన లేబర్ రూముల్లో ఏళ్ల తరబడి నడిచిన అలవాటు. కోత పెడితే పెద్ద చీలిక పడదని, కత్తెరతో కోసింది బాగా మానుతుందని చెప్పేవారు. వినడానికి సబబుగానే ఉంటుంది. 1993లో వెలువడిన అర్జెంటీనా ట్రయల్‌లో 2,606 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గంలో అలవాటు ప్రకారం కోత పెట్టారు, 82.6 శాతం మందికి పడింది. రెండో వర్గంలో అవసరమైతేనే పెట్టారు, 30.1 శాతం మందికి పడింది. మలద్వారం కండరం దాకా వెళ్లిన తీవ్రమైన చీలికలు మొదటి వర్గంలో 1.5 శాతం, రెండో వర్గంలో 1.2 శాతం. అన్ని కోతలు అదనంగా పెట్టినా తీవ్రమైన చీలికలు తగ్గలేదన్నమాట. ఒకే ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసే సంస్థ కొక్రేన్. దాని 2017 సమీక్షలో 12 అధ్యయనాలను కలిపి చూస్తే, అవసరమైతేనే కోత పెట్టే పద్ధతిలో తీవ్రమైన చీలికలు సుమారు 30 శాతం తక్కువ. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అలవాటుగా కోత పెట్టడాన్ని సిఫారసు చేయడం లేదని స్పష్టంగా రాసింది.

అయినా బిడ్డ గుండె చప్పుడు పడిపోతూ తల బయటికి రావడానికి సిద్ధంగా ఉన్నప్పుడు కోత పెట్టాలా వద్దా అన్నది ఏ పేపరూ చెప్పదు. అది అక్కడున్న మనిషి చూసి తేల్చుకోవాల్సింది. తల్లికి ముందే చెప్పి, ఆమె ఒప్పుకున్నాక, మత్తు ఇచ్చి చేయడం మాత్రం ఎప్పుడూ మన బాధ్యతే.

పరిశోధన ప్రశ్న ఎలా రాసుకోవాలి?

నాలుగు ముక్కలుగా: ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏం మారాలి. దీన్నే పికో అంటారు. యోనికీ మలద్వారానికీ మధ్య ఉండే భాగమైన పెరినియం గురించి ఒక ఉదాహరణ చూడండి. "పెరినియం చీలకుండా ఏం చేయాలి?" అన్నది ప్రశ్న కాదు, దిగులు. "మామూలు కాన్పు అవుతున్న స్త్రీలకు, బిడ్డను బయటికి నెట్టే రెండో దశలో పెరినియం మీద గోరువెచ్చని తడిగుడ్డ పెడితే, పెట్టనివారితో పోలిస్తే, మూడు, నాలుగో డిగ్రీ (మలద్వారం కండరం దాకా వెళ్లిన) చీలికలు తగ్గుతాయా?" అన్నది ప్రశ్న. ఇలా రాసుకుంటే దానికి జవాబు కూడా దొరుకుతుంది: తగ్గుతాయి, సమీక్షల్లో సుమారు సగానికి తగ్గాయి. ఖర్చు దాదాపు లేదు. వేడినీళ్లు, శుభ్రమైన గుడ్డ, మిడ్‌వైఫ్ పక్కన నిలబడగల సమయం ఉంటే చాలు.

ఎక్కువగా తప్పేది నాలుగో ముక్క దగ్గర. "మంచి ఫలితం", "తల్లి ఆరోగ్యం" అని రాస్తారు. కొలవగలిగేది రాయాలి: రెండు గంటల్లో 500 మిల్లీలీటర్లకు మించిన రక్తస్రావం, ఆరు నెలలకు బిడ్డ ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష), ఇంటికి వెళ్లేసరికి తల్లిపాలు మాత్రమే ఇస్తున్నారా లేదా.

ఎక్కడ వెతకాలి? గూగుల్ సరిపోదా?

గూగుల్‌తో మొదలుపెట్టవచ్చు, అక్కడే ఆగకూడదు. పైనుంచి కిందికి దిగడం తేలిక. ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు. వాటిలో జవాబు లేకపోతే కొక్రేన్ లైబ్రరీలో సమీక్షలు. అక్కడా లేకపోతే వైద్య పరిశోధన పేపర్లను వెతికే ఉచిత వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో విడి అధ్యయనాలు. నేరుగా పబ్‌మెడ్‌కి వెళ్లినవారు మూడొందల శీర్షికల మధ్య చిక్కుకుని, తమ అభిప్రాయానికి సరిపోయే ఒక పేపరు పట్టుకుని బయటికొస్తారు. అసలు ప్రమాదం అదే.

పబ్‌మెడ్‌లో వెతికే వరుస ఇది. పికోలోని మొదటి రెండు ముక్కలు చాలు. ఒక్కో ముక్కకు పర్యాయపదాలన్నీ రాసి వాటి మధ్య "ఆర్" పెట్టి బ్రాకెట్లో ఉంచండి. రెండు బ్రాకెట్ల మధ్య "యాండ్" పెట్టండి. ఈ రెండూ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే (OR, AND) ఉండాలి. ఫలితాన్ని సూచించే మాటలు మొదటే వేస్తే మంచి పేపర్లు జారిపోతాయి, ఎందుకంటే చాలా సారాంశాల్లో ఆ మాట కనిపించదు. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే దాని ఏకవచనం, బహువచనం రెండూ వస్తాయి. ఇంగ్లిష్ వర్తనిలో కూడా చిక్కుంది. లేబర్, సిజేరియన్ వంటి మాటలను బ్రిటన్‌లో ఒకలా, అమెరికాలో ఇంకోలా రాస్తారు. రెండు వర్తనులూ వేయండి, లేదా పబ్‌మెడ్ ఒక్కో అంశానికి కేటాయించిన ప్రామాణిక పదాన్ని, అంటే మెష్ పదాన్ని వాడండి. ఇంత చేశాక ఎడమవైపు ఫిల్టర్లలో సిస్టమాటిక్ రివ్యూ అన్నది నొక్కండి.

మీరు ఏ మాటలతో, ఏ తేదీన వెతికారో, ఎన్ని వచ్చాయో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. థీసిస్ వైవాలో అడిగేది అదే, ఆరు నెలల తర్వాత గుర్తుండనిదీ అదే.

పూర్తి పేపరు డబ్బు అడిగితే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచిత ప్రతి ఉందేమో చూడండి. లేకపోతే రచయితకు రెండు వాక్యాల మెయిల్ రాయండి, చాలామంది పంపుతారు. సారాంశం మాత్రమే చదివి ప్రాక్టీస్ మార్చకండి.

పేపరు చేతికొచ్చాక ముందు ఏం చదవాలి?

మెథడ్స్. చివరి పేరా కాదు. ముగింపులో రచయితల ఆశ ఉంటుంది, మెథడ్స్‌లో వాళ్లు నిజంగా చేసిన పని ఉంటుంది.

మన పక్కనే జరిగిన ఒక మంచి ట్రయల్ పెట్టుకుని నేర్చుకోవచ్చు. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో 2002 నుంచి 2005 వరకు 1,620 మంది మీద జరిగి, 2006లో లాన్సెట్‌లో అచ్చయింది. కాన్పులు చేసింది ఏఎన్ఎంలు. మాయ పడే దశలో ఒక వర్గానికి గర్భసంచిని బిగించి రక్తస్రావాన్ని తగ్గించే మిసోప్రోస్టాల్ మాత్రలు 600 మైక్రోగ్రాములు నోటి ద్వారా, రెండో వర్గానికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 500 మిల్లీలీటర్లకు మించిన రక్తస్రావం 12.0 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది.

దీన్ని చదివేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవి. ఎవరు ఏ వర్గంలోకి వెళ్లాలో ముందే తెలిసే వీలుందా? ఉంటే నీరసంగా ఉన్న తల్లిని తెలియకుండానే మందు వైపు నెట్టేస్తారు. ఏ మందు ఇచ్చారో ఇచ్చినవారికి తెలుసా? ఇక్కడ తెలియదు. ఫలితాన్ని కంటితో అంచనా వేశారా, కొలిచారా? ఇక్కడ నడుము కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పెట్టి కొలిచారు. ఈ ఒక్క పనితోనే ఈ ట్రయల్ విలువ ఎంతో పెరిగింది. కంటి అంచనా సాధారణంగా అసలు కంటే తక్కువే చెబుతుంది, అదీ రక్తం ఎక్కువగా పోతున్నప్పుడు ఇంకా తక్కువ చెబుతుంది.

మరో రెండు చూడాలి. మొదట చేరినవారిలో చివరిదాకా ఎందరున్నారు? నూటికి ఇరవై మంది మాయమైతే ఫలితాన్ని అనుమానించాల్సిందే. వర్గం మారిపోయినవారిని మొదటి వర్గంలోనే లెక్కేశారా? లెక్కేయకపోతే మందు గొప్పదనం కృత్రిమంగా పెరుగుతుంది. మన దేశపు ట్రయల్ అయితే, ట్రయల్స్‌ను ముందుగా నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో రిజిస్ట్రేషన్ తీసి చూడండి. అక్కడ ముందుగా రాసిన ప్రధాన ఫలితం, పేపర్లో అచ్చయినది ఒకటేనా? తేడా ఉంటే ఎందుకో ఆలోచించండి.

"31 శాతం తగ్గింది" అంటే నూరు మందిలో 31 మంది బతికారనా?

ఇక్కడ పొరపాటు పడనివారు తక్కువ. 2017 ఉమన్ ట్రయల్ చూడండి. కాన్పు తర్వాత రక్తస్రావమైన 20,060 మంది తల్లులు, 21 దేశాలు. మూడు గంటల లోపు రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ ఆసిడ్ అందుకున్నవారిలో రక్తస్రావంతో మరణాలు 1.2 శాతం, అందని వర్గంలో 1.7 శాతం. 1.7తో పోలిస్తే 1.2 దాదాపు మూడో వంతు తక్కువ, దీన్ని సాపేక్ష తగ్గుదల అంటారు. 1.7లోంచి 1.2 తీసేస్తే 0.5, ఇది అసలు తగ్గుదల. 100ని 0.5తో భాగిస్తే 200. రక్తస్రావం అవుతున్న 200 మందికి సమయానికి ఈ ఇంజెక్షన్ ఇస్తే ఒక తల్లి ప్రాణం నిలబడుతుంది. ఈ లెక్కకే ఎన్ఎన్‌టీ అని పేరు. బెళగావి ట్రయల్‌కు మీరే చేసి చూడండి: 12.0లోంచి 6.4 తీస్తే 5.6, 100ని 5.6తో భాగిస్తే సుమారు 18.

రెండు వందలకు ఒకరు అంటే తక్కువ అనిపిస్తే, ఆ ఒకరు తల్లి అని గుర్తుంచుకోండి. డోసు 1 గ్రాము, నరంలోకి నెమ్మదిగా, పది నిమిషాల్లో. అరగంట తర్వాతా రక్తం ఆగకపోతే, లేదా 24 గంటల లోపు మళ్లీ మొదలైతే ఇంకో గ్రాము. మూడు గంటలు దాటాక మేలు కనిపించలేదు కాబట్టి మందు ట్రేలోనే ఉండాలి, స్టోర్ రూములో తాళం వెనక కాదు.

పి విలువ 0.05 కంటే తక్కువ ఉంటే చాలా?

చాలదు. అసలు తేడాయే లేని చోట కూడా కేవలం యాదృచ్ఛికంగా ఇంత పెద్ద తేడా కనిపించే అవకాశం ఎంతో అది చెబుతుంది. తేడా ఎంత ఉపయోగకరమో చెప్పదు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు ఫలితం ఉండగల హద్దులు చూడండి. బెళగావిలో రిలేటివ్ రిస్క్ (మందు వర్గపు ముప్పును రెండో వర్గపు ముప్పుతో భాగిస్తే వచ్చేది, తేడా లేకపోతే 1) 0.53, దాని హద్దులు 0.39 నుంచి 0.74. రెండు హద్దులూ 1కి దిగువనే ఉన్నాయి. చెడుగా అంచనా వేసినా నాలుగో వంతు తగ్గుదల ఉంది. హద్దుల మధ్యలో 1 పడితే మేలో కీడో తేలలేదని అర్థం. "పని చేయదు" అని కాదు.

విదేశాల్లో తేలినది మన పీహెచ్‌సీకి వర్తిస్తుందా?

ఈ ప్రశ్నకు నెలలు నిండని కాన్పుల్లో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కంటే మంచి పాఠం లేదు. న్యూజిలాండ్‌లో 1972లో లిగిన్స్, హోవీ తొలి ట్రయల్ అచ్చువేశారు. నెలలు నిండని బిడ్డల ఊపిరితిత్తులు ముందే సిద్ధమై, మరణాలు తగ్గాయి. తర్వాత మరిన్ని ట్రయల్స్ వచ్చినా వాటిని కలిపి చూసినవారు లేక చాలా ఏళ్లు ఎక్కువ ఆసుపత్రులు ఆ మందు వాడలేదు. కొక్రేన్ చిహ్నంలో కనిపించే గీతలు ఆ ట్రయల్స్‌వే. ఆధారం ఉండీ వాడకపోవడం వల్ల పోయిన బిడ్డల గుర్తు అది.

కథ అక్కడ ముగియలేదు. 2015లో ఆక్ట్ ట్రయల్ ఇదే మందును భారత్‌తో సహా ఆరు దేశాల్లో, అన్ని స్థాయుల కేంద్రాల్లో విరివిగా ఇప్పించి చూసింది. మొత్తం మీద ప్రతి వెయ్యి మందికి 3.5 నవజాత మరణాలు పెరిగాయి, తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. మందు అందుకున్న చాలామందికి నెలలు నిండాకే కాన్పు అయింది. నెలల లెక్క గట్టిగా తెలియని చోట, పుట్టిన బిడ్డకు వెచ్చదనం, ఆక్సిజన్ అందించే ఏర్పాటు లేని చోట మంచి మందు కూడా ఆదుకోలేదు. 2020లో యాక్షన్ ట్రయల్ భారత్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, కెన్యా, నైజీరియాల్లోని 29 ఆసుపత్రుల్లో, అల్ట్రాసౌండ్‌తో నెలలు లెక్కగట్టి, నవజాత శిశు సంరక్షణ ఉన్న చోట మాత్రమే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది. నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి.

కాబట్టి ఏ పేపరు చదివినా మూడు అడగండి: వాళ్ల తల్లులు మన తల్లుల వంటివారేనా? వాళ్ల దగ్గరున్న పరికరం, మనిషి, రిఫరల్ మన దగ్గర ఉన్నాయా? లేకపోతే ఇదే మందు ఇక్కడ హాని చేయగలదా?

ఎంఎస్సీ థీసిస్‌కు ఏ అంశం తీసుకోవాలి?

"ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం" అన్నది దయచేసి మళ్లీ వద్దు. ఒకే వర్గానికి ముందు పరీక్ష, పాఠం, వారం తర్వాత అదే ప్రశ్నలతో పరీక్ష. మార్కులు పెరగక ఏమవుతాయి? పోల్చడానికి పాఠం చెప్పని కంట్రోల్ వర్గం లేదు, పాఠం వల్ల ఏ తల్లికైనా ఏమైనా మారిందా అన్నది కొలవలేదు. ఆ శ్రమతో అంతకంటే ఉపయోగపడే పని చేయవచ్చు. మీ జిల్లా ఆసుపత్రిలో కాన్పు సమయంలో తోడుగా ఒకరిని ఎంతమందికి అనుమతిస్తున్నారు, అనుమతించనప్పుడు ఏ కారణం చెబుతున్నారు? బొడ్డుతాడు క్లాంప్ చేసే ముందు నిజంగా ఎన్ని సెకన్లు ఆగుతున్నారు? స్టాప్‌వాచ్ పట్టుకుని కొలవండి. మొదటి గంటలో చనుపాలు పట్టకపోవడానికి అడ్డం ఏమిటో బాలింతలనే అడగండి.

చివరిదానికి అంకెలు అక్కర్లేదు, గుణాత్మక పరిశోధన కావాలి. పన్నెండు, పదిహేను మందితో లోతుగా మాట్లాడి, కొత్త సంగతి రావడం ఆగేదాకా కొనసాగించాలి. ఆడబిడ్డ పుట్టిందని తెలిశాక గదిలో మాట ఎలా మారింది, "అరవకు" అని ఎవరు అన్నారు వంటివి ట్రయల్‌లో దొరకవు.

శాంపిల్ ఎంతమంది కావాలి?

ఒక అలవాటు ఎంత శాతం ఉందో తెలుసుకోవడానికైతే తేలిక సూత్రం: 4ని శాతంతో, 100లోంచి ఆ శాతం తీసేసిన సంఖ్యతో గుణించి, మీరు సహించగల తేడాను దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్యతో భాగించాలి. ఎపిసియాటమీ కోతలు 30 శాతం ఉంటాయని అంచనా, అటూ ఇటూ 5 తేడా పర్వాలేదనుకుంటే: 4 × 30 × 70 ÷ 25 = 336. తేడా 10 అయినా చాలనుకుంటే 84. కేస్ షీట్లు కొన్ని దొరకవు కాబట్టి పది శాతం కలుపుకోండి. రెండు వర్గాలను పోల్చేందుకు ఈ సూత్రం పనికిరాదు, గణాంక నిపుణుడిని సమాచారం సేకరించే ముందు కలవండి. తర్వాత కలిస్తే ఆయన చేయగలిగేది తక్కువ.

ఎథిక్స్ కమిటీ అనుమతి ప్రతిదానికీ కావాలా?

పరిశోధన అయితే కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఇందుకు ఆధారం. మీ వార్డు పనితీరును ప్రమాణంతో పోల్చుకునే ఆడిట్ వేరు, అయినా అచ్చువేయాలనుకుంటే ముందే కమిటీకి రాసి మినహాయింపు కాగితం తీసుకోండి.

సమ్మతి పత్రం గర్భిణి క్లినిక్‌కు వచ్చినప్పుడే ఇవ్వాలి. నొప్పులు ముమ్మరంగా వస్తున్న మనిషి దేనికైనా సంతకం పెడుతుంది, అది సమ్మతి కాదు. తెలుగులోకి మార్చిన ప్రశ్నావళిని ఇంకొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి పోల్చండి. తర్వాత పది మంది తల్లులకు చదివి వినిపించండి. "ప్రసవానంతర రక్తస్రావం" అంటే తెలియనివారికి "కాన్పయ్యాక ఎర్రబట్ట ఎక్కువగా పోవడం" అంటే తెలుస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో అయితే ఉర్దూ ప్రతి లేకుండా మొదలుపెట్టకండి.

మా వార్డులో ఆడిట్ ఎలా చేయాలి?

ఒకే ప్రమాణం ఎంచుకోండి. ఉదాహరణకు: ప్రతి తల్లికి బిడ్డ పుట్టిన నిమిషం లోపు రక్తస్రావం కాకుండా గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరంలోకి. బర్త్ రిజిస్టర్‌లో వరుసగా 30 కాన్పులు తీసుకోండి, ఏరుకోకండి. రాత్రి కాన్పులు, ఆదివారం కాన్పులు అందులో ఉండాలి. ఇచ్చారు, ఇవ్వలేదు, రాయలేదు అని మూడు గడులు. "రాయలేదు" అన్నదాన్ని "ఇచ్చారు"లో కలపకండి. కారణం కనుక్కోండి: ఇంజెక్షన్ సిరంజిలోకి ముందే ఎక్కించలేదా, ఫ్రిజ్ దూరమా, రెండో సిస్టర్ లేరా? ఒక్క మార్పు చేయండి, రెండు వారాలు చూడండి, మళ్లీ 30 తీయండి.

రికార్డును గుడ్డిగా నమ్మకండి. పార్టోగ్రాఫ్ అంటే నొప్పులు సాగుతుండగా ఎప్పటికప్పుడు నింపాల్సిన కాన్పు పురోగతి పటం. కాన్పయ్యాక ఒకేసారి నింపిన దాంట్లో గీత తిన్నగా, అందంగా ఉంటుంది. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, అన్ని సమయాలూ సరిగ్గా గంటకో అరగంటకో. ఇలాంటివి కనబడితే ఆడిట్‌కు ముందు స్టాఫ్ ఎందరున్నారో చూడండి. ఒక సిస్టర్ నలుగురిని చూస్తుంటే పార్టోగ్రాఫ్ అప్పటికప్పుడు నింపడం జరగదు.

చెక్‌లిస్ట్ టిక్కులు పెరిగినంత మాత్రాన ప్రాణాలు నిలబడవన్నదీ తెలుసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో 120 కేంద్రాల్లో జరిగిన బెటర్‌బర్త్ ట్రయల్‌లో సురక్షిత కాన్పు చెక్‌లిస్ట్‌తో మంచి అలవాట్లు స్పష్టంగా పెరిగాయి. తల్లీబిడ్డల మరణాలు మాత్రం తగ్గలేదు. అందుకే అలవాటునూ ఫలితాన్నీ రెండింటినీ కొలవాలి.

సీనియర్లు "మేమెప్పుడూ ఇలాగే చేస్తాం" అంటే?

వాదించకండి, కొలిచి చూపండి. బిడ్డను దించడానికి పొట్ట మీద నొక్కడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. "మేడమ్, అది తప్పు" అంటే మాట అక్కడితో ఆగుతుంది. "మేడమ్, ఈ నెల ఎన్నిట్లో నొక్కాల్సి వచ్చిందో రాసిపెడదామా?" అంటే రాయడం మొదలవుతుంది. రాయడం మొదలయ్యాక నొక్కడం తగ్గుతుంది. తర్వాత ఒక పేజీ కాగితం ఇవ్వండి: ప్రశ్న, ఆధారం, మన వార్డు అంకె, రెండు వారాలు ప్రయత్నించాల్సిన ఒక్క మార్పు.

కొత్త పరికరం అయితే ఒప్పించడం తేలిక. నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వచ్చిన ఈ-మోటివ్ ట్రయల్‌లో, కొలత గీతల సంచితో రక్తస్రావాన్ని ముందే పసిగట్టి, చికిత్సలన్నీ విడివిడిగా కాక ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, అందుకోసం పొట్ట కోయడం, మరణం కలిపి 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గాయి. సంచి ఒక్కటే కొని, మందుల కిట్ సిద్ధం చేయకపోతే ఆ ఫలితం రాదు.

సిజేరియన్లు ఎక్కువని అందరూ అంటున్నారు. మిడ్‌వైఫ్ ఏం కొలవగలదు?

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, అప్పటికి దేశంలోనే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5. మొత్తం శాతం చూసి ఎవరినీ తప్పుపట్టలేం, ఎందుకంటే రిఫరల్ ఆసుపత్రికి కష్టమైన కేసులే వస్తాయి. రాబ్సన్ వర్గీకరణ ప్రకారం ప్రతి కాన్పునూ పది గుంపుల్లో ఒకదాంట్లో వేయండి. కావాల్సినవి ఆరు వివరాలే: ఎన్నో కాన్పు, పాత సిజేరియన్ ఉందా, నొప్పులు వాటంతటవే వచ్చాయా, ఎన్ని వారాలు, బిడ్డ పొజిషన్, ఒకరా కవలలా.

మొదటి గుంపు మీద కన్నేయండి: తొలి కాన్పు, ఒకే బిడ్డ, నెలలు నిండాయి, తల కిందికి ఉంది, నొప్పులు సొంతంగా వచ్చాయి. ఈ తల్లికి ఈసారి సిజేరియన్ అయితే, వచ్చే కాన్పులో ఆమె మామూలుగా పాత సిజేరియన్ ఉన్నవారి అయిదో గుంపులోకి వెళుతుంది, అక్కడ మళ్లీ సిజేరియనే ఎక్కువ. మొదటి గుంపులో సిజేరియన్ ఏ కారణంతో, గర్భసంచి మూతి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడు జరిగిందో రాయండి. అయిదు సెంటీమీటర్లకు ముందే "ప్రోగ్రెస్ లేదు" అని రాసి ఉంటే అది చర్చించాల్సిన కేసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల ప్రకారం నొప్పుల చురుకైన దశ మొదలయ్యేదే అయిదు దగ్గర, గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న నియమం ప్రతి తల్లికీ వర్తించదు.

నెలకో పేపరు చదివే జర్నల్ క్లబ్ ఎందుకు నిలవదు?

ఒక్కరే చదివి మిగతావారు వింటారు కాబట్టి. నలభై నిమిషాలు చాలు, డ్యూటీ మారే సమయంలో పెట్టండి. వారం ముందు వాట్సాప్‌లో పేపరు, దానితోపాటు మీ వార్డులో ఈ మధ్య ఎదురైన ఒక పరిస్థితి, పేర్లు లేకుండా. పది నిమిషాలు మెథడ్స్, పది నిమిషాలు అంకెలను నూరు మందిలో ఎందరు అన్న మాటల్లోకి మార్చడం, మిగతా సమయం మన దగ్గర చేయగలమా అన్నదానికి. ఏఎన్ఎంలను, ఆశా కార్యకర్తలను కూడా పిలవండి. పల్లె తల్లి ఆ సలహా ఎందుకు పాటించదో వాళ్లకే ముందు తెలుస్తుంది. చివర ఒక పేరు, ఒక తేదీ రాయండి: ఎవరు ఏ మార్పు ఎప్పటికి ప్రయత్నిస్తారు. వచ్చే నెల సమావేశంలో ముందుగా అడగాల్సింది దాని సంగతే.